తొలి మూడేళ్లే పునాది
పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో శిశు వికాసం, వైకల్యాల ముందస్తు గుర్తింపు సేవలు: ఒక పరిశీలన

సంగారెడ్డి: హైదరాబాద్ - ముంబయి జాతీయ రహదారికి ఇరువైపులా రామచంద్రాపురం మొదలుకొని పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం వరకు, మరోవైపు బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వరకు విస్తరించిన పారిశ్రామిక వాడ రాష్ట్రంలోని పెద్ద ఉపాధి కేంద్రాలలో ఒకటి. ఔషధ, రసాయన, ఉక్కు, యంత్ర పరికరాల కర్మాగారాలలో పనిచేసేందుకు తెలంగాణలోని ఇతర జిల్లాల నుంచే కాక ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల నుంచి కూడా వేలాది కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చాయి. ఒకప్పటి మెదక్ జిల్లాలో అంతర్భాగమైన ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన నాటి నుంచి ఆ జిల్లా పరిధిలో కొనసాగుతోంది.

ఈ వాడ ఉత్పత్తి గురించి, పెట్టుబడుల గురించి, కాలుష్యం గురించి వార్తలు తరచూ వెలువడుతూనే ఉన్నాయి. కార్మికుల అద్దె గదులలో పెరుగుతున్న మూడేళ్లలోపు పసిపిల్లల గురించి వెలువడేవి మాత్రం స్వల్పం. వీరిలో ఎవరికైనా వినికిడి లోపమో, కాళ్ల వంకరో, బుద్ధి వికాసంలో జాప్యమో ఉన్నట్లయితే దానిని ఎవరు గుర్తించాలి, ఎక్కడికి పంపాలి, చికిత్స ఏ మేరకు ఉచితం అనే ప్రశ్నలకు సమాధానాలు వివిధ శాఖల ఉత్తర్వులలో విడివిడిగా ఉన్నాయి. పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయుక్తంగా ఉండే నిమిత్తం ఆ వివరాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

తొలి మూడేళ్లకు ఎందుకింత ప్రాధాన్యం

శిశువు మెదడు ఎదుగుదలలో అధిక భాగం తొలి రెండు, మూడు సంవత్సరాలలోనే పూర్తవుతుంది. చూపు, వినికిడి, మాట, నడకలకు సంబంధించిన నాడీ సంబంధాలు ఆ వయసులోనే బలపడతాయి. ఆ సమయంలో అందవలసిన ప్రేరణ అందకపోతే తరువాత ఎంత శ్రమించినా పూర్తి ఫలితం లభించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలసి 2018 మే నెలలో వెలువరించిన శిశు సంరక్షణ ప్రణాళిక ఇందుకు ఐదు అంశాలను నిర్దేశించింది. మంచి ఆరోగ్యం, తగిన పోషకాహారం, బిడ్డ సంకేతాలకు స్పందించే పెంపకం, భద్రత, నేర్చుకునే అవకాశం అనేవి ఆ ఐదు అంశాలు.

వైకల్యాల విషయంలో ‘ఆలస్యం అమృతం విషం’ అన్న నానుడి అక్షరాలా వర్తిస్తుంది. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలలలోపు లోప నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి యంత్రం లేదా తగిన చికిత్స ప్రారంభం అన్నది నిపుణులు అంతర్జాతీయంగా అనుసరించే కొలమానం. పాదాలు లోపలికి వంగి పుట్టిన శిశువుకు తొలి వారాలలోనే వారం వారం సిమెంటు కట్లు మారుస్తూ పోతే అత్యధిక సందర్భాలలో పెద్ద శస్త్రచికిత్స అవసరం లేకుండానే పాదం సరి అవుతుంది. అయితే ఆ తరువాత నాలుగేళ్ల వయసు వరకు రాత్రివేళ ప్రత్యేక బూట్లు తొడగడం మానరాదు. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న బిడ్డకు తొలి వారాలలోనే మందు మొదలుపెడితే బుద్ధిమాంద్యం నివారించవచ్చు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు నెల రోజులలోపు కంటి రెటీనా పరీక్ష జరిగితే అంధత్వాన్ని నివారించే వీలుంది. ఈ గడువులు దాటితే నష్టం శాశ్వతమవుతుంది. ఒకే లోపంతో పుట్టిన ఇద్దరు బిడ్డలలో ఒకరు మామూలు బడికి వెళ్లడానికి, మరొకరు వెళ్లలేకపోవడానికి కొన్ని నెలల జాప్యమే కారణం కావచ్చు.

అంగన్‌వాడీ కేంద్రమే తొలి మెట్టు

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. అనుబంధ పోషకాహారం, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ - ఆరోగ్య విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై ఆస్పత్రులకు సిఫారసు అనే ఆరు సేవలను ఒకే గొడుగు కిందకు తెచ్చిన ఈ పథకం 2021 నుంచి ‘సక్షం అంగన్‌వాడీ, పోషణ్ 2.0’లో భాగమైంది. తెలంగాణలో 149 ప్రాజెక్టుల పరిధిలో 35,700 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి.

ఏడు నెలల నుంచి మూడేళ్ల వయసు పిల్లలకు ఇంటికి ఇచ్చే బాలామృతం, గర్భిణులకు, బాలింతలకు 2015 జనవరి 1 నుంచి అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి ఒక పూట సంపూర్ణ భోజనం, నెలనెలా బరువు, ఎత్తు కొలతలు ఈ కేంద్రాల ప్రధాన సేవలు. ఆరు నెలలు దాటిన బిడ్డ దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువగా ఉంటే అది తీవ్ర పోషకాహార లోపానికి గుర్తు. అట్టి బిడ్డను వైద్య పరీక్షకు, అవసరమైతే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపవలసి ఉంటుంది. ఎదుగుదల మందగించిన బిడ్డలో వికాస జాప్యం సైతం తరచుగా కనిపిస్తుంది గనుక ఈ కొలతలు వైకల్యాల గుర్తింపునకు కూడా తోడ్పడతాయి.

మూడేళ్లలోపు పిల్లలు రోజూ కేంద్రానికి రారు. వారి చదువు ఇంట్లోనే, తల్లి ఒడిలోనే సాగుతుంది. ఈ దృష్టితోనే కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2024లో ‘నవచేతన’ పేరిట పుట్టిన నాటి నుంచి మూడేళ్ల వరకు శిశు ప్రేరణ ప్రణాళికను విడుదల చేసింది. 36 నెలల క్యాలెండరు, వయసుకు తగిన 140 ఆటపాటలు, కృత్యాలు ఇందులో ఉన్నాయి. బిడ్డతో కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడడం, శబ్దం వైపు తల తిప్పేలా పిలవడం, గిన్నెలు, మూతలతో ఆడించడం వంటి ఖర్చులేని పనులే వీటిలో అధికం. కార్యకర్త ఇంటికి వెళ్లినప్పుడు తల్లికి, నానమ్మకు, తండ్రికి వీటిని చేసి చూపాలన్నది ఉద్దేశం.

వలస కుటుంబాల ప్రత్యేక పరిస్థితి

గ్రామంలోని అంగన్‌వాడీ కార్యకర్తకు ప్రతి ఇల్లూ, ప్రతి బిడ్డా తెలుసు. పారిశ్రామిక వాడలో పరిస్థితి అందుకు భిన్నం. ఒకే ప్రాంగణంలో వరుసగా కట్టిన అద్దె గదులలో ఈ నెల ఉన్న కుటుంబం వచ్చే నెల ఉండకపోవచ్చు. పనిచేసే కర్మాగారం మారితే గది మారుతుంది. కాన్పునకు పుట్టింటికి వెళ్లిన తల్లి బిడ్డతో తిరిగి వచ్చేసరికి ఐదారు నెలలు గడుస్తాయి. ఇంట్లో ఒడియా లేక భోజ్‌పురి, కేంద్రంలో తెలుగు, ఆస్పత్రిలో తెలుగుతో పాటు హిందీ అయినప్పుడు బిడ్డకు మాట ఆలస్యమైతే అది భాషల కలగలుపు వలన అని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. రెండు మూడు భాషలు వినిపించినంత మాత్రాన పిల్లలకు వికాస లోపం కలుగదు. ఏ భాషలోనూ మాట రాని బిడ్డకు ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి.

జిల్లాలో ఇందుకు మరో పార్శ్వం కూడా ఉంది. నారాయణఖేడ్ ప్రాంత తండాల నుంచి చెరకు నరికే పనులకు పొరుగు ప్రాంతాలకు వెళ్లే కుటుంబాల పసివారు సైతం నెలల తరబడి స్వగ్రామ కేంద్రానికి దూరమవుతారు. వచ్చినవారు, వెళ్లినవారు ఉభయులూ నమోదు పుస్తకాల నుంచి జారిపోయే అవకాశం ఉంది.

సేవలు పొందడానికి స్థానికత గాని, రేషన్ కార్డు గాని షరతు కాదన్నది అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన ముఖ్యాంశం. సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఇచ్చిన తీర్పులో ఆరేళ్లలోపు పిల్లలందరికీ, గర్భిణులకు, బాలింతలకు సమగ్ర శిశు అభివృద్ధి సేవలు అందాలని ఆదేశించింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని జనావాసం కోరినట్లయితే మూడు నెలలలోపు కేంద్రం ఏర్పాటు చేయాలని కూడా అదే తీర్పులో ఉంది. 2021 నుంచి వాడుకలో ఉన్న పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి లబ్ధిదారుల పేర్లు మార్చుకునే సదుపాయం ఉంది. మాతా శిశు రక్షణ కార్డును తల్లి వెంట ఉంచుకుంటే బిడ్డ టీకాలు, బరువు, వికాస దశల వివరాలు ఏ ఊరిలోనైనా చదువుకోవచ్చు.

కర్మాగారాలలో శిశు సంరక్షణ కేంద్రాల విషయమూ ప్రస్తావనార్హం. 30 మందికి మించి మహిళలు పనిచేసే కర్మాగారంలో ఆరేళ్లలోపు పిల్లల కోసం క్రెష్ ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టం 48వ సెక్షన్ నిర్దేశించింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 50 మంది ఉద్యోగులున్న సంస్థలన్నింటికీ ఈ బాధ్యతను విస్తరించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ - 2020 సైతం 50 మంది ఉద్యోగుల నిబంధనను కొనసాగించి, తల్లి రోజుకు నాలుగు సార్లు బిడ్డను చూసి వచ్చే హక్కు కల్పించింది. కాంట్రాక్టు కింద చిన్న చిన్న సంస్థలలో పనిచేసే తల్లుల బిడ్డలకు ఈ సదుపాయం అందడం కష్టం. వారికి అంగన్‌వాడీయే ఆధారం.

గుర్తింపు నుంచి చికిత్స వరకు

నవజాత శిశువు ఆస్పత్రిలో పుట్టినప్పుడే తొలి పరీక్ష జరగాలి. అనంతరం ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆరు మార్లు ఇంటికి వెళ్లాలి. ఇంట్లోనే కాన్పు జరిగితే మొదటి రోజు కూడా వెళ్లాలి. 2018లో ఆరంభమైన కార్యక్రమం ప్రకారం 3, 6, 9, 12, 15 నెలల వయసులలో మరో ఐదు పర్యాయాలు ఇంటి సందర్శన ఉంటుంది. తల్లిపాలు, అనుబంధ ఆహారం, టీకాలతో పాటు బిడ్డ వికాస దశలను కూడా ఆమె పరిశీలించాలి.

2013 ఫిబ్రవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన నాటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు నాలుగు వర్గాల సమస్యలపై పరీక్షలు జరిపిస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, బాల్య వ్యాధులు, వైకల్యంతో సహా వికాస జాప్యాలు అనేవి ఆ వర్గాలు. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, కంటి శుక్లాలు, చెవుడు, డౌన్ సిండ్రోమ్ మొదలైనవి కలిపి 30 రకాల సమస్యలు ఈ జాబితాలో ఉన్నాయి. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఎ.ఎన్.ఎం. లేక స్టాఫ్ నర్సు, ఒక ఫార్మసిస్టుతో కూడిన సంచార బృందం ప్రతి అంగన్‌వాడీ కేంద్రాన్ని ఏడాదికి రెండు సార్లు, ప్రతి ప్రభుత్వ పాఠశాలను ఒకసారి సందర్శించాలి. సమస్య ఉన్నట్లు తేలిన పిల్లలను జిల్లా స్థాయిలో ఉండవలసిన డి.ఇ.ఐ.సి. అనే ముందస్తు చికిత్సా కేంద్రానికి పంపాలని మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. పిల్లల వైద్యుడు, ఫిజియోథెరపిస్టు, వినికిడి - మాట నిపుణుడు, మనస్తత్వ నిపుణుడు, కంటి పరీక్షకుడు, ప్రత్యేక విద్యావేత్త ఒకే చోట ఉండడం దీని ప్రత్యేకత.

తల్లిదండ్రులు గమనించవలసిన సంకేతాలు

రెండు నెలలు దాటినా తల్లి ముఖం చూసి నవ్వకపోవడం, నాలుగు నెలలు నిండినా మెడ నిలపకపోవడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోవడం, ఏడాది వయసుకు పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, 18 నెలలకు నడకగాని, ఒక్క మాటగాని రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి వెంటనే చూపించవలసిన సంకేతాలు. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన వైకల్యం ఉన్నట్లు నిర్ధారణ కాదు. పరీక్ష చేయించాలన్నదే దాని అర్థం. ‘మగపిల్లలకు మాట ఆలస్యమే’, ‘వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి’ అన్న ఓదార్పు మాటలతో విలువైన నెలలు జారిపోతున్నాయి. మేనరికపు వివాహాల వలన పుట్టిన బిడ్డలు, కాన్పు వేళ ఏడవని బిడ్డలు, నవజాత శిశు ప్రత్యేక చికిత్సా విభాగంలో ఉండి వచ్చిన బిడ్డలు, తీవ్రమైన పచ్చకామెర్లు సోకిన బిడ్డల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

అందుబాటులోని సంస్థలు

ఈ ప్రాంతానికి దేశస్థాయి సంస్థలు సమీపంలో ఉండడం ఒక సౌలభ్యం. సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ప్రస్తుతం జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా పనిచేస్తోంది. 2021 జూన్ 17న దేశంలో ప్రారంభమైన 14 బహుళ వైకల్య ముందస్తు చికిత్సా కేంద్రాలలో ఒకటి ఈ సంస్థలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇట్టి కేంద్రం నెల్లూరులో ఏర్పాటైంది. ఆరేళ్లలోపు పిల్లలకు అన్ని రకాల వైకల్యాలకు ఒకే కప్పు కింద పరీక్షలు, శిక్షణ ఇవ్వడం వీటి ఉద్దేశం. వినికిడి సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం అదే మనోవికాస్ నగర్‌లో ఉంది. హైదరాబాద్‌లో 1953లో స్థాపితమైన నీలోఫర్ ఆస్పత్రి పిల్లల వైద్యానికి, ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శిశువుల కంటి చికిత్సకు పేరెన్నికగన్నవి. సంగారెడ్డిలో 2022 నవంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9న రూ. 10 లక్షలకు పెంచింది. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స, గుండె శస్త్రచికిత్సలు ఇందులో ఉన్నాయి. ఇతర రాష్ట్రాలలో ఆయుష్మాన్ భారత్ కార్డు పొందిన కుటుంబం దేశంలోని ఏ నమోదిత ఆస్పత్రిలోనైనా దానిని వినియోగించుకోవచ్చు. ఒడిశా 2025లో ఈ పథకంలో చేరింది. కాగా బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జరిగే పరీక్షలకు ఏ కార్డూ అవసరం లేదు.

చట్టం ఏమి చెబుతోంది

ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007 అక్టోబరు 1న ఆమోదించింది. దానికి అనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం - 2016 మరుసటి ఏడాది ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చి, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రమాదంలో ఉన్న పిల్లలను గుర్తించే నిమిత్తం పిల్లలందరికీ ఏడాదికి కనీసం ఒకసారి పరీక్షలు జరపాలని ఈ చట్టంలోని 25వ సెక్షన్ ప్రభుత్వాలను ఆదేశిస్తోంది.

అయితే విద్యకు సంబంధించిన హక్కు ఆరేళ్ల వయసు నుంచే మొదలవుతుంది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ తరువాత 45వ అధికరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్యకు రాజ్యం కృషి చేయాలని మాత్రమే పేర్కొన్నది. అమెరికాలో 1986 నాటి చట్ట సవరణ మూడేళ్లలోపు వికాస జాప్యం గల పిల్లలకు ప్రత్యేక సేవా కార్యక్రమాన్ని నెలకొల్పి, ప్రతి కుటుంబానికీ విడిగా సేవా ప్రణాళిక రాయాలని నిర్దేశించింది. మన దేశంలో ఆ పాత్రను అంగన్‌వాడీ, ఆశా, ఆరోగ్య బృందాలు పంచుకోవలసి ఉంది. ఇందుకు తోడ్పడేందుకు కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరు 28న దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ నియమావళిని విడుదల చేసింది. ముందస్తు గుర్తింపు, కేంద్రంలోనూ సమాజంలోనూ కలుపుకొని పోవడం, ఆశా, ఎ.ఎన్.ఎం., ఆరోగ్య బృందాల ద్వారా చికిత్సకు సిఫారసు అనే మూడు దశలు ఇందులో ఉన్నాయి.

ధ్రువపత్రం కోసం చికిత్స ఆపరాదు. ఐదేళ్లలోపు పిల్లలలో మేధో వైకల్యాన్ని ఖరారు చేయక, సమగ్ర వికాస జాప్యంగా మాత్రమే నమోదు చేస్తారు. ఫిజియోథెరపీకి గాని, స్పీచ్ థెరపీకి గాని ధ్రువపత్రం అవసరం లేదు. పింఛను వంటి ప్రయోజనాలకు అది అవసరం. దివ్యాంగుల పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2023లో నెలకు రూ. 4,016కు పెంచింది. దీనికి వయోపరిమితి లేదు.

అసలు పరీక్ష ఎక్కడ

ఉదాహరణకు ఇస్నాపూర్‌లో అద్దె గదిలో ఉంటున్న ఒక కార్మికుని పదినెలల బిడ్డకు వినికిడి లోపం ఉన్నట్లు ఆరోగ్య బృందం అనుమానించిందనుకుందాం. సిఫారసు చీటీ చేతికి వస్తుంది. ఆస్పత్రికి వెళ్లాలంటే తండ్రి ఆ రోజు కూలి వదులుకోవాలి. మొదటి రోజు పరీక్ష, రెండవ పర్యాయం నిర్ధారణ, మూడవ పర్యాయం యంత్రం, ఆపై వారం వారం శిక్షణ. నాలుగవ పర్యాయానికి కుటుంబం ఆగిపోతే అంతవరకు జరిగిన కృషి వృథా అవుతుంది. నివేదికలో మాత్రం ఆ బిడ్డ ‘సిఫారసు చేయబడిన’ సంఖ్యలో నిలిచిపోతుంది.

అందువలన ఎంతమందిని పరీక్షించారన్న అంకెతో సమీక్ష ముగియరాదు. సిఫారసు పొందిన వారిలో ఎంతమంది ఆస్పత్రికి చేరారు, ఎంతమంది చికిత్స పూర్తి చేశారు, మధ్యలో ఆగినవారు ఎందుకు ఆగారు అన్నవి సమీక్షలో అడగవలసిన ప్రశ్నలు. ఒకే రోజున అన్ని పరీక్షలూ జరిగేలా చూడడం, సెలవు దినాలలో శిబిరాలు, రవాణా సాయం, హిందీ, ఒడియా తెలిసిన వారి సేవలు, గది మారిన కుటుంబం వివరాలను కొత్త చోటి కార్యకర్తకు తెలియజేయడం వంటివి భారీ వ్యయం లేకుండానే సాధ్యమయ్యే చర్యలు. కర్మాగారాల యాజమాన్యాలు చికిత్స రోజున తల్లికో తండ్రికో వేతనంతో కూడిన సెలవు ఇవ్వగలిగితే అది ఎంతో మేలు చేస్తుంది.

పాత్రికేయులు సైతం ఈ విషయమై రాసేటప్పుడు బిడ్డ ఫొటో, పేరు, చిరునామా ప్రచురించకుండా, జాలి గొలిపే పదాలకు బదులు అందుబాటులో ఉన్న సేవల సమాచారానికి చోటివ్వడం ఉచితం. ఒక తల్లి ఆ వార్త చదివి, తన బిడ్డను మరుసటి రోజే అంగన్‌వాడీకి తీసుకువెళ్లగలిగితే ఆ వార్త ప్రయోజనం నెరవేరినట్లే.

పటాన్‌చెరు వాడలో పుట్టి పెరిగే బిడ్డ ఏ రాష్ట్రం వారి బిడ్డ అయినా, ఏ భాష మాట్లాడే ఇంటి బిడ్డ అయినా, తొలి మూడేళ్లు తిరిగి రావు. ఆ వ్యవధిలో ఇల్లు, అంగన్‌వాడీ, ఆస్పత్రి ఒకరి సమాచారం మరొకరికి అందిస్తూ పనిచేసినప్పుడే, కాగితంపై ఉన్న సేవలు బిడ్డ వరకు చేరుతాయి.